చల్లబడిన దఫ్

నేను ఒక దఫ్‌ను. గుండ్రటి చెక్కకు ఒకవైపు తోలు బిగిస్తే నేను. చెక్క ధూల్‌పేట మామిడిది, తోలు హైదరాబాదు మేకది. నాలో ఆఫ్రికాది ఏదైనా ఉంటే అది దరువే. నిజాం గుర్రపు దళంలో కొలువుకు సముద్రం దాటి వచ్చిన సిద్దీలు దాన్ని అరచేతుల్లో తెచ్చుకున్నారు. ఆ దళం పేరుతోనే వెలిసిన ఏ.సీ.గార్డ్స్ గల్లీల్లో వాళ్ల మనవలు ఇప్పటికీ ఆ దరువుతో పెళ్లి ఊరేగింపులు నడిపిస్తున్నారు.

మనుషులను నేను అరచేతిని బట్టి గుర్తుపడతాను. ముఖం అబద్ధాలు నేర్చుకుంటుంది, అరచేతికి అంత తీరిక లేదు. నన్ను మొదట వాయించిన ముబారక్ చెయ్యి ధీమాగా పడేది. అతని కొడుకు మబ్రూక్ చెయ్యి పడేముందు కాస్త వెనకాడుతుంది. పెళ్లివాళ్లు అతన్ని బ్యాండువాడంటారు. ఒక్కసారైనా మైకులో ఎవరైనా తనను కళాకారుడనాలని అతని ఆశ.

ఒక కళాపీఠం వాళ్లు ‘ఆఫ్రికా నాదం’ అనే సభకు పిలిచినప్పుడు ఆ చెయ్యి చెమర్చింది. కార్యదర్శి కమలాకరరావు గుమ్మంలోనే అడిగాడు.

“ఎక్కడి నుంచి వచ్చారు?”

“ఏ.సీ.గార్డ్స్ నుంచి సాబ్. ఆటోల.”

“అది కాదయ్యా, అసలు ఎక్కడి నుంచి?”

మబ్రూక్ ఆలోచించి, “మాసాబ్ ట్యాంక్ మీదికెంచే సాబ్,” అన్నాడు.

కార్యదర్శి నిరాశపడ్డాడు. మనిషికి తన మూలం మీద నమ్మకం తగ్గేకొద్దీ ఎదుటివాడి మూలం మీద ఆసక్తి పెరుగుతుంది.

నన్ను వేదిక మీద ఏసీ గాలికి ఎదురుగా పెట్టి, పూలదండ వేసి, ప్రసంగాలు మొదలుపెట్టారు. ఆఫ్రికా గురించి అందరూ మాట్లాడారు. నా తోలు మాత్రం తడిసిన అప్పడంలా మెత్తబడింది.

“సాబ్, తోలు సల్లవడ్డది. జర మంటకు కాగవెట్టాలె.”

“ఏసీ హాల్లో మంటేమిటయ్యా? ఉన్నదున్నట్టు కానివ్వు.”

మబ్రూక్ కొట్టాడు. నేను మూలిగాను. హాలు లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ముందు వరుసలో ఒకాయన కళ్లు తుడుచుకున్నాడు.

కార్యదర్శి మబ్రూక్ చెవి దగ్గరికి వంగాడు. “శతాబ్దాల ప్రవాస దుఃఖం! ముగింపు ప్రసంగం కాగానే నీకు సన్మానం, కళాకారుడిగా గుర్తింపు. ఇక మా సభలన్నిటికీ నువ్వే. ఈ మూలుగే ఉండాలి సుమా.”

మబ్రూక్ నా దండ తీసి పక్కన పెట్టి, నన్ను చంకలో పెట్టుకుని బయటికి నడిచాడు. గేటు ముందు చాయ్ బండి దగ్గర సభకొచ్చినవాళ్లు పారేసిన ఆహ్వానపత్రికలు పోగేసి అంటించాడు. సెగకు నా తోలు బిగిసింది. వేలితో మీటితే ఖంగుమన్నాను. దరువు మొదలవగానే ఆటోవాళ్లు చాయ్ గ్లాసులు దింపి భుజాలు కదిపారు.

కాసేపటికి వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చాడు.

“అన్నా, జర ఆపుర్రి. లోపల మైకుల కళాకారుడు మబ్రూక్ అంట, ఎవల్నో పిలుస్తున్రు. మీ సప్పుడుకు ఇనవడ్తలేదు.”

నా మీద చెయ్యి ఆగింది. మైకు మళ్లీ పిలిచింది.

“నువ్వు జర జరుగు తమ్మీ,” అన్నాడు మబ్రూక్. “మంటకు అడ్డమున్నవ్.”

ఆ చెయ్యి ఈసారి వెనకాడలేదు.