ఉత్తుత్తి పేషెంట్లు

ఆ చిన్న ఆసుపత్రిలో కంప్యూటర్లు చూసుకునే ఆవిణ్ణి అందరూ కంప్యూటరమ్మ అనేవారు. రోగుల వివరాలు కంప్యూటర్లో పెట్టాలనుకున్నప్పుడు, కొనే స్తోమత లేక, ఉచితంగా దొరికే ప్రోగ్రామ్ ఒకటి ఆవిడే వెతికి తెచ్చింది. దేశదేశాల వాలంటీర్లు తలా ఒక చెయ్యి వేసి తయారుచేసింది అది. ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరైనా సరిదిద్దొచ్చు. ఎక్కడ చిక్కుపడినా వాళ్ళ చర్చావేదికలో అడిగితే ఎవరో ఒకరు జవాబిస్తారు.

నర్సులకి చెయ్యి తిరగడం కోసం దాంతోపాటు కొందరు ఉత్తుత్తి పేషెంట్లు కూడా వచ్చారు. లేని మనుషులు, లేని జబ్బులు. నర్సులు వాళ్ళకి జ్వరాలు తెప్పించి, తగ్గించి, కాన్పులు చేసి, నవ్వుకుంటూ పని నేర్చుకున్నారు.

ఒకరోజు నర్సొకామె పిలిచి, ఇందులో మీ వదినగారి పేరుతో ఒకావిడ ఉందండీ అంది. పేరు కలవడం వింతేం కాదు. పుట్టినతేదీ కూడా కలిసింది.

ఇంట్లో చెబితే వదిన పడీపడీ నవ్వింది. అన్నయ్య పోయాక వాళ్ళిద్దరిదీ ఒకే ఇల్లు, ఒకే పొయ్యి. చూసినవాళ్ళు అక్కచెల్లెళ్ళనుకునేవారు. ఇంతకీ నా జబ్బేంటో కనుక్కురా అని వదిన ఆటపట్టించింది.

మర్నాడు కంప్యూటరమ్మ ఆ రికార్డు తెరిచింది. చిన్నప్పుడు ఎడమ మణికట్టు విరగడం. పెళ్ళైన కొత్తలో నిలవని కడుపు. మణికట్టు సంగతి తనకి తెలుసు. రెండోది తెలీదు. ఇంటికొచ్చి మెల్లగా అడిగితే, కూరలు తరుగుతున్న వదిన చెయ్యి ఆగిపోయింది.

"అది మీ అన్నయ్యకీ నాకూ తప్ప మూడో మనిషికి తెలీదే. నీకెవరు చెప్పారు?"

కంప్యూటరమ్మ మాట దాటేసింది. రికార్డు అక్కడితో ఆగలేదు మరి. ఇంకా రాని వానాకాలం తేదీతో, ఆసుపత్రికి మళ్ళీ వచ్చినట్టు ఉంది. జ్వరం, దగ్గు, ఊపిరితిత్తుల్లో నిమ్ము. పెన్సిలిన్ ఇంజెక్షన్. దాని కిందే 'మృతి'.

ఇంటి సంగతేం చెప్పకుండా, ఈ పేషెంట్లని ఎవరు రాశారని వేదికలో అడిగింది. ఆ భాగం చూసుకునే పెద్దాయన సముద్రాల అవతలి నుంచి ఓపిగ్గా జవాబిచ్చాడు. ఎవరూ రాయలేదట. పేర్లూ తేదీలూ జబ్బులూ ఒక చిన్న ప్రోగ్రామే ఇష్టమొచ్చినట్టు కలిపి పుట్టిస్తుందట. ఎవరితోనైనా కలిస్తే అది కాకతాళీయమే అన్నాడు.

తర్వాత ఇంకో దేశపు ఆసుపత్రి నుంచి ఒకావిడ విడిగా రాసింది. వాళ్ళ దగ్గరా ఒక పేరు కలిసిందట, వాళ్ళ బాబాయిది. భయమేసి ఆ రికార్డు తీసేసిందట. ఆయన ఆ సాయంత్రం చెప్పులేసుకుని బయటికెళ్ళి మళ్ళీ రాలేదు. బతికున్నాడో లేడో నేటికీ తెలీదు. మీరు మాత్రం తీసెయ్యకండి అని బతిమాలింది.

తీసెయ్యకూడదు, అలా ఉంచనూ కూడదు. కంప్యూటరమ్మకి చాలాసేపు పాలుపోలేదు. చివరికి ఆ రికార్డులో 'పెన్సిలిన్ పడదు' అని చేర్చింది. 'మృతి' తీసి 'కోలుకుని ఇంటికి' అని రాసింది. తన కంప్యూటర్లో మారిస్తే సరిపోదనిపించి మార్పుని వాలంటీర్లకి పంపింది. వాళ్ళు ఒప్పుకుంటేనే అది అసలు ప్రోగ్రామ్‌లోకి ఎక్కుతుంది. కారణం అడిగినచోట ఏం తోచక 'మనిషి బతకాలి' అని రాసింది.

పెద్దాయన ఒప్పుకోలేదు. లేని మనిషి ఉంటే ఎంత, పోతే ఎంత అన్నాడు. అయితే వేదికలో ఎన్నడూ నోరు విప్పనివాళ్ళు, ఎక్కడెక్కడి చిన్నచిన్న ఆసుపత్రులవాళ్ళో, ఒక్కొక్కరే వచ్చి, ఒక్క ప్రశ్నా వెయ్యకుండా 'సరే' అని పెట్టి వెళ్ళారు. వీళ్ళకీ తలా ఒక పేరు కలిసే ఉంటుందని ఆవిడకి అప్పుడు తట్టింది. పెద్దాయన తలొగ్గాడు.

వానలు పడ్డాయి. వదినకి జ్వరమొచ్చింది, దగ్గు పట్టుకుంది. డాక్టరమ్మ ఛాతీ విని నిమ్ము చేరిందని, పెన్సిలిన్ రాయబోయింది. కంప్యూటరమ్మ అడ్డుపడింది. ఇదివరకు వాడారా అంటే లేదంది. మరి పడదని ఎలా తెలుసని డాక్టరమ్మ అడిగింది.

"తెలుసండీ. ఎలాగో అడక్కండి. ముందొకసారి పరీక్ష చేసి చూడండి."

డాక్టరమ్మ ఆమె మొహం చూసి, మోచేతి కింద చర్మంలోకి బొట్టంత మందు వేయించింది. చూస్తుండగానే అక్కడ ఎర్రగా దద్దురు లేచింది. పెదవులు ఉబ్బాయి. విరుగుడు మందు పడ్డాక గానీ వదినకి ఊపిరాడలేదు. వేరే మందుతో నెమ్మదిగా కోలుకుంది. ఎలా తెలుసని డాక్టరమ్మ మళ్ళీ అడగలేదు. అయితే ఆ తర్వాత కంప్యూటరమ్మ ఎదురైతే ఒక అడుగు పక్కకి జరిగేది.

ఇంటికొచ్చాక కంప్యూటరమ్మ వదినకి అంతా చెప్పేసింది. వదిన దుప్పటి ఇంకాస్త పైకి లాక్కుంది. తర్వాత, నాకోసం సరే అన్నవాళ్ళకి నేనున్నానని చెప్పు అంది. 'ఆవిడ కోలుకుని ఇంటికొచ్చింది' అని వేదికలో రాసింది కంప్యూటరమ్మ.

దానికి పెద్దాయన విడిగా జవాబిచ్చాడు. ఆ పేషెంట్లలో తన కూతురి పేరు ఉందనీ, పుట్టినతేదీ వరకే చూసి మూసేశాననీ, ఇన్నేళ్ళుగా తెరవలేకపోయాననీ ఒప్పుకున్నాడు. మీరు చూసి చెబుతారా అని అడిగాడు.

ఆవిడ తెరిచింది. పంటినొప్పి, కళ్ళజోడు, ముసలితనంలో మోకాళ్ళు. ఆఖరి తేదీ ఎంత దూరమంటే, అప్పటికి ఆయనా ఉండడు, చదువుతున్న కంప్యూటరమ్మా ఉండదు. ఉన్నదున్నట్టు రాసి పంపింది. అమ్మాయి పక్కనే ఉంది, ఎందుకేడుస్తున్నావని అడుగుతోందని ఆయన రాశాడు.

మర్నాటికి కొత్త ఉత్తరాలు వచ్చిపడ్డాయి. 'సరే' అన్నవాళ్ళవే అన్నీ. ఒక్కోదాంట్లో ఒక్కో పేరు, ఒక్కో పుట్టినతేదీ. ఇంకేమీ లేదు. వదిన కుర్చీ లాక్కుని పక్కన కూచుంది.

"మొదటిది చదువు," అంది.