మునస్వామి వాళ్ళమ్మ

నాగవేణి గంధం గిన్నెలో నీళ్ళు చిలకరించి వేళ్ళతో మెదిపింది. స్టూలు మీద కూర్చున్న ఆడమనిషి బోడిగుండుకు నుదుటి నుంచి మెడ దాకా పులిమింది. కొండమీద తలనీలాలిచ్చి తిరుచానూరు అమ్మవారి దర్శనానికి దిగివచ్చే వాళ్ళ గుండ్లే ఆమెకు బతుకుతెరువు. జుట్టు పోయాక ఇక ముఖమే మిగులుతుంది. కనుబొమలు నల్లగా, పెదాలు ఎర్రగా ఉంటే నడివయసు మనిషీ పడుచుపిల్లలాగే కనిపిస్తుంది. బొమలు రాలి, పెదాలు పాలిపోతే పడుచుపిల్లా అవ్వయిపోతుంది.

తనది ఆ రెండో రకం ముఖం. నలభై దాటిందో లేదో, కనుబొమలు ఉన్నాయా లేవా అన్నట్టున్నాయి. పెదాలదీ బుగ్గలదీ ఒకటే రంగు. ముక్కు పక్క నుంచి గడ్డం దాకా రెండు గీతలు. జుట్టు మాత్రం ఒత్తుగా, నల్లగా నడుం దాటి ఉంది. దాన్ని చూసినవాళ్ళు సవరమనుకుంటారు. అవ్వా అనడానికి మదరాసు వాళ్ళు పాట్టీ అంటారు, బెంగుళూరు వాళ్ళు అజ్జీ అంటారు, ఉత్తరాది వాళ్ళు మాజీ అంటారు. కెమెరా తగిలించుకున్న తెల్లదొరసాని కూడా మొన్న చెయ్యిపట్టి మెట్టు దించింది. ఏ దేశం వాళ్ళకైనా అవే దిక్కుమాలిన కళ్ళు. నాగవేణికి వాళ్ళందరి మీదా ఒళ్ళుమంటే.

అసలు మంట మొగుడి మీద. మునస్వామి ఆమె కంటే ఆరేళ్ళు పెద్ద. బస్టాండులో యాత్రికులను పట్టి లాడ్జీలకు తోలుకెళ్ళే పని. గుబురు కనుబొమలు, తాంబూలంతో పండిన నోరు. ముప్పై అయిదంటే ఎవరూ కాదనరు. ఇరువైపులా చుట్టాలంటూ మిగలని మొగుడూ పెళ్ళాలు ఈ వీధికి ఇల్లడగను వచ్చిన రోజున, ఇంటామె శకుంతలమ్మ ఆమెను చూసి "మీ యమ్మా?" అని అడిగింది. వాడు "ఔ" అన్నాడు. నాయన సంగతడిగితే దేశాలు పట్టిపోయినాడని చెప్పాడు. గదిలోకొచ్చాక, "ఊరికే అంటి మే. ఏం పోతాది?" అని నవ్వాడు.

ఏం పోయిందో ఆమెకే తెలుసు. తలదాచుకోను వేరే చోటు లేక నోరు మూసుకుంది. ఆ రోజు నుంచీ వీధికంతా ఆమె మునస్వామి వాళ్ళమ్మ.

ఈ పొద్దున శకుంతలమ్మ సంబంధం పట్టుకొచ్చింది. "నగరిలో మా అక్క ఆడబిడ్డ కూతురుండాది. కోడలొస్తే నీకూ సుకమే పెద్దమ్మా."

మునస్వామి అద్దం ముందు మీసం దువ్వుకుంటున్నాడు. వద్దనలేదు. సిగ్గులేని మనిషి, పిల్ల ఎట్లుంటుందని కూడా అడిగాడు.

ఇంటామె వెళ్ళగానే నాగవేణి తలుపు మూసింది. "నేను నీ పెండ్లాన్నని ఈ పొద్దు ఆయమ్మతో చెప్పు. నువ్వు చెప్పకుంటే నేనే చెప్తా."

"సెప్పు పో. నీ మొగం సూసి ఎవురు నమ్ముతారు?"

ఆ మాటే తలలో తిరుగుతుంటే పొద్దుగూకే దాకా గుండ్లకు గంధం పులిమింది. ఇంటికొస్తూనే శకుంతలమ్మ గడప తొక్కుదామనుకుంది. కానీ మునస్వామి చాప మీద పడున్నాడు. ఎదలో మంటగా ఉందని నీళ్ళడిగాడు. చెంబు పక్కన పెట్టి, గంధం గిన్నె గూట్లో సర్దుకుంది. వెనక్కి తిరిగేసరికి నీళ్ళు అట్లాగే ఉన్నాయి, మనిషి పోయాడు.

వీధంతా వచ్చింది. శకుంతలమ్మ ఆమెను కావలించుకుని ఏడ్చింది. "కన్నకొడుకును పోగొట్టుకుంటివే పెద్దమ్మా."

"కొడుకు కాదు," అంది నాగవేణి. "నా మొగుడు."

ఏడుపులు ఆగాయి. ఆడవాళ్ళు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. "పాపం, మతి సెదిరింది," అంది వెనక ఎవరో.

"మతి బాగానే ఉండాది. ఈయన నాకు తాళి కట్టినోడు. నా బొట్టు తుడవండి."

ఒక్కరూ కదల్లేదు. తనే నుదుటికేసి చెయ్యెత్తితే ఇద్దరు గట్టిగా పట్టుకున్నారు. "అట్ల సెయ్యగూడదు పెద్దమ్మా," అంది శకుంతలమ్మ. "దేశాలు పట్టిపోయిన పెద్దాయన యాడో బతికుండాడు. నీ అయిదోతనం సల్లంగుండల్ల." పెనుగులాటలో కుంకుమ చెదిరిందని లోపల్నుంచి భరిణె తెప్పించి, ఆ నుదుట మళ్ళీ పెద్ద బొట్టు పెట్టింది. నాగవేణి వాళ్ళందరినీ అసహ్యించుకుంది. చచ్చి కూడా తన మాటే నెగ్గించుకున్న ఆ మనిషిని అంతకంటే అసహ్యించుకుంది. అయినా వాడి కోసమే ఏడ్చింది.

చుట్టాలెవరూ లేక కట్టెకు నిప్పు మునస్వామికి తెలిసిన లాడ్జీ వాచ్‌మన్ పెట్టాడు. మర్నాడు కాఫీ తీసుకుని శకుంతలమ్మ వచ్చేసరికి గది తలుపు బార్లా తెరిచి ఉంది, లోపల ఎవరూ లేరు. గూట్లో గంధం గిన్నె ఉంది. ఎండి బీటలు వారిన గంధంలో ఒక పసుపుతాడూ, అరిగి సన్నబడ్డ రెండు వెండి మెట్టెలూ సగం దిగబడి ఉన్నాయి.