మెట్ల మీద ఊరేగింపు

ఇల్లు మారడం ఖాయమైన రోజు నుంచి టీచరమ్మకు కంటి మీద కునుకు లేదు. సామాన్లు మోసేవాళ్ళను కుదిర్చే పని మొగుడి చేతిలో పెడితే ఏమవుతుందోనని ఆవిడ బెంగ. పోయినసారి ఆయన కుదిర్చిన లారీవాడు మంచం వీళ్ళింట్లో, పరుపు పక్కవీధిలో ఎవరింట్లోనో దింపి చక్కా పోయాడు.

అందుకే ఈసారి తనే ఫోన్లు చేసి, ఇల్లు చూసి వెళ్ళమని పిలిచింది. వచ్చిన ప్రతివాళ్ళనూ ఒకటే అడిగింది: "ఇంతవరకూ ఏమైనా పగలగొట్టారా?"

మొదటాయన చెవులు మూసుకున్నంత పని చేశాడు. "అబ్బే, మా కంపెనీలో ఆ మాటే లేదండీ!" రెండో ఆయన ఏకంగా ఒట్టు పెట్టబోయాడు. ఆ తర్వాత వచ్చిన సూపర్‌వైజరమ్మ మాత్రం మంచం కిందికి తొంగి చూస్తూనే జవాబిచ్చింది.

"పగలగొట్టకేం? మొన్ననే ఒకరి నిలువుటద్దం భళ్ళుమనిపించాం. కొత్తది కొనిచ్చాం. అప్పట్నుంచి అద్దాల్ని పరుపుల మధ్య పెట్టి కడుతున్నాం."

"వీళ్ళే మనవాళ్ళు," అంది టీచరమ్మ.

మొగుడు నోరెళ్ళబెట్టాడు. "పగలగొట్టామని చెప్తుంటేనా?"

"ఒప్పుకున్నారు కదండీ. మీరు ఆ పరుపు సంగతి ఇప్పటికీ ఒప్పుకోరు."

అనుకున్న రోజున మనుషులు చెప్పిన వేళకే దిగారు. మధ్యాహ్నానికి ఇల్లంతా ఖాళీ. ఇక మిగిలింది అత్తగారూ, ఆవిడ కూర్చున్న చేతుల కుర్చీ. సరిగ్గా అప్పుడే లిఫ్టు మొరాయించింది. వీళ్ళదేమో పై అంతస్తు. అత్తగారి మోకాళ్ళు అన్ని మెట్లు దిగే రకం కావు.

"నన్నొదిలెయ్యండి. కొత్తగా అద్దెకొచ్చేవాళ్ళతో సర్దుకుంటాను," అంది అత్తగారు.

సూపర్‌వైజరమ్మ ఆవిడ ముందు గొంతుక్కూర్చుంది. "కుర్చీతో సహా దింపేస్తాం పెద్దమ్మగారూ."

"పడేస్తే?"

"మనుషుల్నింకా పడెయ్యలేదండీ."

"అద్దాన్ని పడేశారటగా!"

"అద్దం గట్టిగా పట్టుకోదు కదండీ. మీరు పట్టుకుంటారు."

అత్తగారికి నవ్వాగలేదు. ఆ నవ్వులోనే నడుముకు మెత్తటి దుప్పటి చుట్టి, బెల్టులు బిగించి, నలుగురు కుర్చీని లేపారు. మొదటి మలుపు దాకా ఆవిడ కళ్ళు గట్టిగా మూసుకుంది. రెండో మలుపులో ఒక కన్ను తెరిచింది. ఆ తర్వాత ఇంక పట్టపగ్గాల్లేవు. తలుపులు తీసి చూస్తున్నవాళ్ళందరికీ చేతులూపింది. "కాస్త ఆగండి, ఈవిడ ఇంకా తలుపు తియ్యలేదు!" అని గదమాయించింది. మోసేవాళ్ళు నవ్వు ఆపుకోలేక, కుర్చీని నేల మీద దించి, గోడకు ఆనుకుని నవ్వి, మళ్ళీ ఎత్తుకున్నారు. వెనకాల గొడుగూ చెంబూ పట్టుకుని దిగుతున్న కొడుకు, "అమ్మా, పరువు తియ్యకే!" అంటూనే అందరికన్నా గట్టిగా నవ్వాడు.

కొత్తిల్లు కింది అంతస్తులోనే. అయినా అత్తగారు కుర్చీ దిగనంది. "గదులన్నీ తిప్పి చూపించండి."

తిప్పారు. వంటగది బాగుందంది. వెనక గది ఇరుకంది. వీధివైపు పెద్ద కిటికీ ఉన్న గదిలోకి రాగానే చెయ్యెత్తింది. "ఇక్కడ దింపండి. ఇది నాది."

ఆలుమగలు తమకని ముచ్చటపడి రంగులేయించుకున్న గది అది. "అమ్మా, అది మా..." అని కొడుకు మొదలుపెట్టేలోగా టీచరమ్మ ఆయన కాలు తొక్కింది.

"మీకు ఎండ బాగా తగులుతుంది అత్తయ్యా," అంది.

అత్తగారు బెల్టు విప్పుకుంటూ సూపర్‌వైజరమ్మ చెయ్యి పట్టుకుంది. "మళ్ళీ ఎప్పుడు మారదాం అమ్మాయ్?"

టీచరమ్మ నవ్వుతూ అక్కడే నేల మీద చతికిలబడింది.