ముక్కు సిలార్ గ్రిల్ బిగించిన ఆదివారం

గుంటూరు మిర్చి యార్డులో ఉత్త సిలార్ అని అడిగితే ఎవరికీ తెలియదు. ముక్కు సిలార్ అంటే ఏ హమాలీ అయినా మా కమిషన్ కొట్టు చూపిస్తాడు. ఆ పేరు నేను పెట్టుకున్నది కాదు, కానీ వద్దని కూడా ఎవరితోనూ అనలేదు. మిరపకాయల బస్తాను మేం టిక్కీ అంటాం. టిక్కీలోంచి గుప్పెడు కాయలు తీసి, ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని, ఇవి నిరుటివి, వీటి మీద నీళ్లు చల్లారు, ఇవి కల్లంలో మంచుకు తడిశాయి అని ఇరవై ఆరేళ్లుగా చెబుతున్నాను. అమ్మేవాళ్లూ నమ్ముతారు, కొనేవాళ్లూ నమ్ముతారు.

ఆ ముక్కు చచ్చిపోయి రెండేళ్లయింది.

ఒక వారం జ్వరం వచ్చింది. పోతూ పోతూ వాసనను కూడా వెంటబెట్టుకు పోయింది. రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు డాక్టరు. నేను ఎవరికీ చెప్పలేదు, నా భార్య జాన్‌బీకి కూడా. ముక్కు సిలార్‌కి ముక్కు పనిచేయడం లేదంటే యార్డంతా వారం రోజులు నవ్వుకుంటుంది, ఆ తర్వాత నన్ను ఇంటికి పంపిస్తుంది. అందుకని నాటకం మానలేదు. కాయలు ముక్కు దగ్గర పెట్టుకుంటాను, కళ్లు మూసుకుంటాను, ఆ కాస్త సమయంలో గుప్పిటను మెల్లగా ఆడించి వింటాను. బాగా ఎండిన కాయలో గింజలు గలగలమంటాయి. తేమ ఉన్న కాయ పలకదు. మిగతాది వేళ్లూ కళ్లూ చూసుకుంటాయి. ఇప్పటిదాకా పెద్ద తప్పు పడలేదు గానీ, రోజూ చొక్కాలో చీటీలు పెట్టుకుని పరీక్ష రాయడానికి పోతున్నట్టే ఉంటుంది నాకు.

గ్యాస్ గ్రిల్ కొనడానికి కారణం కూడా ఆ ముక్కే. నలుగురు వచ్చినప్పుడు డాబా మీద కోడిని కాల్చుకోవచ్చని ఇంట్లో చెప్పాను. అసలు సంగతి వేరు. మంట మీద, ఆరుబయట, మసాలా పట్టించిన కోడి కాలుతుంటే ఆ వాసనకైనా నా ముక్కు లేస్తుందేమోనని ఆశ. యాభై నాలుగేళ్ల మనిషి ఇలా ఆశపడ్డాడని చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. ఆశపడ్డాను మరి.

మొదటి విందుకి అంకమ్మరావును పిలిచాను. పర్చూరు దగ్గర మిరప రైతు. ఇరవై ఏళ్లుగా అతని కాయలు నా చేతుల మీదుగానే అమ్ముడవుతున్నాయి. "నీ ముక్కు చెప్పిందే నాకు ఖాయం" అంటాడు. ఆ మాట ఇదివరకు చెవికి ఇంపుగా ఉండేది. ఈ రెండేళ్లుగా అతను ఆ మాట అనగానే చెమట పడుతోంది.

ఆదివారం పొద్దున అట్టపెట్టె విప్పాను. బ్రాడీపేట కోచింగ్ సెంటర్‌లో కెమిస్ట్రీ చెప్పే మా అమ్మాయి సిద్దికా, గ్రిల్‌తో వచ్చిన పుస్తకం చేతిలో పట్టుకుని పక్కన నిలబడింది. నేను అప్పటికే గ్రిల్‌ను డాబా మీద రేకుల షెడ్డు కిందికి జరిపేశాను, ఎండ తగలదని.

"నాన్నా, పైకప్పు కింద పెట్టకూడదంట. అంటుకునే వస్తువులు చుట్టూ పది అడుగుల్లో ఉండకూడదంట."

నేను చుట్టూ చూశాను. మా నాన్న దూదేకి పరుపులు కుట్టేవాడు. ఆయన వదిలిపోయిన దూది మూటలు నాలుగు షెడ్డులో ఓ పక్కన ఉన్నాయి. రెండో పక్కన, పట్టా మీద, సంవత్సరానికి సరిపడా కారానికి జాన్‌బీ ఎండబెట్టిన మిరపకాయలు. గ్రిల్‌ను సరిగ్గా ఆ రెండింటి మధ్యన నిలబెట్టాను. కావాలని వెతికినా అంతకంటే చెడ్డ చోటు దొరికేది కాదు.

"ఇల్లు తగలబెట్టి ఊరంతా దగ్గించాలని చూస్తున్నారా?" అని సిద్దికా తనే గ్రిల్‌ను డాబా మధ్యకి, ఆరుబయటికి లాక్కుపోయింది. సిలిండరు నిలువుగా ఉండాలంది, నిలబెట్టాను. వెలిగించే ముందు పైమూత తెరిచి ఉంచాలంది, తెరిచాను. పైపును గ్రిల్ గొట్టానికి తొడిగి క్లిప్పు వేసి బిగించాలంది. క్లిప్పు కనబడలేదు. ఆ మాట ఒప్పుకుంటే మళ్లీ ఏదో అంటుందని, తను పుస్తకంలో పేజీ తిప్పుతున్నప్పుడు జేబులోంచి పురికొస తీసి ఆరు చుట్లు చుట్టి, టిక్కీ మూతికి వేసే ముడే వేశాను. యార్డులో ఏది ఊడినా పురికొసతోనే కడతాం. కొట్టు తలుపు, కాటా పళ్లెం, ఒకసారి మా యజమాని చెప్పు కూడా. గ్యాసు పైపు వాటికంటే గొప్పదా అనుకున్నాను.

"చివరగా సబ్బు నీళ్లు. అతుకులన్నిటికీ రాసి, బుడగలు వస్తున్నాయేమో చూడాలి."

"నా ముక్కుండగా సబ్బు నీళ్లెందుకమ్మా?" అన్నాను. అలవాటైన గొప్ప, నోరు దానంతట అదే అనేసింది.

"పుస్తకంలో మీ ముక్కు గురించి రాయలేదు" అని సిద్దికా సబ్బు నీళ్లు తేవడానికి కిందికి వెళ్లింది.

అప్పుడే అంకమ్మరావు మెట్లెక్కి వచ్చాడు. మిరప కోతలు మొదలైన దగ్గర్నుంచీ అతనికి జలుబు, ముక్కు దిబ్బడేసి గొంతు మారిపోయి ఉంది. గ్రిల్ చుట్టూ ఒకసారి తిరిగాడు.

"ఏందిరా ఇది, ట్రాక్టరు ఇంజనులా ఉంది. వెలగదా?"

అతని ముందు సబ్బు నీళ్ల కోసం ఎదురుచూడటం నాకు నామోషీగా తోచింది. లైటరు అతని చేతిలో పెట్టి, ప్రారంభోత్సవం నువ్వే చెయ్యాలన్నాను. సిలిండరు తిప్పాను. అతను గ్రిల్ మీదికి వంగి, బొత్తాం మీద చెయ్యి వేసి ఆగాడు.

"నా ముక్కు మూసుకుపోయిందిరా. వాసనేమన్నా వస్తందేమో నువ్వు చూసి చెప్పు. నువ్వు చెప్తే నాకిక అనుమానం లేదు."

నేను పైపు మీదికి వంగాను. కళ్లు మూసుకున్నాను. గాలి గట్టిగా లోపలికి పీల్చాను. "ఏం లేదు, వెలిగించు" అన్నాను.

అయితే కళ్లు మూసుకోగానే వినడం నాకు రెండేళ్ల అలవాటు. వినబడింది. సన్నగా, సుయ్ మని, నేను కట్టిన ముడి దగ్గర్నుంచి.

"ఆగరా. జాన్‌బీని కూడా రానీ" అన్నాను. ప్రాణం మీదికి వచ్చాక కూడా నాకు ముందు తట్టింది అబద్ధమే.

"చెల్లెమ్మ వచ్చాక మళ్లీ వెలిగిద్దాంలే" అని అతను బొత్తాం తిప్పబోయాడు. లైటరు మీద బొటనవేలు నొక్కుకుంటోంది. అతని ముఖం గ్రిల్‌కి జానెడు దూరంలో ఉంది. నన్ను నమ్మి పెట్టిన ముఖం. రెండు చేతులతో అతని చెయ్యి పట్టుకున్నాను.

"వెలిగించొద్దు. నాకు వాసన రాదు."

"గ్యాసు వాసనా?"

"ఏ వాసనా రాదు. రెండేళ్లయింది."

అంకమ్మరావు బొత్తాం మీంచి చెయ్యి తీసేశాడు. లైటరు లాక్కుని, సిలిండరు కట్టేశాను. సిద్దికా సబ్బు నీళ్ల గిన్నెతో పరుగున వచ్చింది. "మెట్ల దాకా గ్యాసు వాసన కొడుతోంది. మీకు తెలియడం లేదా?" అంది.

అందరం కిందికి దిగి, గ్యాసంతా పోయేదాకా పావుగంట ఆగాం. తర్వాత సిద్దికా మంట జోలికి పోకుండా సిలిండరు తిప్పి, అతుకులకు సబ్బు నీళ్లు రాసింది. పురికొస ముడి మీద రేగుపండంత బుడగ లేచింది. పగిలింది. ఇంకోటి లేచింది. అది కాక నా మీద సాక్ష్యం ఇంకేం కావాలి? క్లిప్పు అట్టపెట్టె అడుగునే ఉంది. సిద్దికా సిలిండరు కట్టేసి, పురికొస కోసేసి, క్లిప్పు బిగించి మళ్లీ సబ్బు నీళ్లు రాసింది. ఈసారి బుడగ రాలేదు.

జాన్‌బీ మసాలా పట్టించిన కోడి పళ్లెంతో పైకి వచ్చింది. ఆమెకు ఎలా చెప్పాలా అని గొంతు సవరించుకున్నాను.

"నాకు తెలుసులెండి" అంది. "పోయిన వేసవిలో పాలు మాడి ఇల్లంతా కంపు కొడుతుంటే, స్టవ్ పక్కనే కూర్చుని పేపరు చదువుకున్నారు. రంజాన్‌కి బిర్యానీ వాసన వీధి చివరిదాకా వచ్చిందన్నారు. నేనింకా కుక్కరు కూడా ఎక్కించలేదు. మీరే చెబుతారని చూస్తున్నా."

నవ్వబోయాను, ఏడుపొచ్చింది. రెండేళ్లు నేను దాస్తున్నాననుకున్నాను. నేను దాస్తున్నానని తనకు తెలిసిన సంగతి ఆవిడ దాచింది.

కోడి బాగా కాలిందన్నారు. నేను పొగలో ముఖం పెట్టి నిలబడ్డాను. కళ్లు మండాయి, వాసన రాలేదు. దిగులేసింది. అంకమ్మరావు తిన్నాడు, చెయ్యి కడుక్కున్నాడు, మెట్ల దగ్గర ఆగాడు.

"అయితే పోయినేడు నా కాయలకి నువ్వు చెప్పినయ్యన్నీ?"

"గింజల చప్పుడు విని చెప్పాను."

చెప్పులేసుకుని మెట్లు దిగి వెళ్లిపోయాడు.

సోమవారం యజమానికి నేనే చెప్పేశాను. ఈ వారం చూద్దామన్నాడు, నా ముఖం చూడకుండా. గురువారం అంకమ్మరావు నలభై టిక్కీలతో యార్డుకి వచ్చాడు. వేరే కొట్టుకి పోతాడనుకున్నాను. మా కొట్టు ముందే దింపించాడు. చుట్టూ పదిమంది ఉన్నారు. ఒక టిక్కీ మూతి విప్పి, గుప్పెడు కాయలు తీశాడు. నేను అలవాటుగా చెయ్యి చాపాను. అతను నా చేతిలో పెట్టలేదు. నా చెవి దగ్గర పెట్టి ఆడించాడు.

"విని చెప్పరా."

విన్నాను. కళ్లు తెరిచే విన్నాను.

"సరిగా పలకడం లేదు" అన్నాను, అందరికీ వినబడేలా. "తేమ ఉంది. ఇంకో రెండు ఎండలు కావాలి."

"నేనూ అదే అనుకున్నా" అన్నాడు. కాయలు టిక్కీలో పోసేసి, మూతి దగ్గరకి లాగి, పురికొస కోసం నా వైపు చెయ్యి చాపాడు.

"దీనికి పర్లేదు గదా?" అన్నాడు.