గీత దాటినంక

తార్నాకలో చాయ్ తాగుతూ పరుశురాం ఫోన్‌లో నిన్నటి సైకిల్ రేసు ఫలితాలను కింది నుంచి చదువుతున్నాడు. పైనున్న పేర్లు లోకం ఎలాగూ చదువుతుంది. ఎదురుగాలికి తాను అడ్డం పడి, స్ప్రింటర్‌ను వెనకాల దాచుకొచ్చి, చివర్లో పక్కకు తప్పుకునే వాడు నూట నలభై మూడో స్థానంలో ఉంటాడు.

పదేళ్ల కిందట యూనివర్సిటీ టీంలో ఆ చాకిరీ పరుశురాందే. అతని వెనక నక్కి వచ్చి, ఆఖరి రెండు వందల మీటర్లు దూసుకుపోయిన శాంసన్‌కు పతకాలు వచ్చాయి, స్పోర్ట్స్ కోటాలో ఆఫీసరు ఉద్యోగమూ వచ్చింది. పరుశురాం అదే క్యాంపస్‌లో గ్రౌండ్‌మన్ అయ్యాడు.

ఆ ఉదయం అక్కడి ఆటల పోటీలకు శాంసనే ముఖ్య అతిథి. కారు దిగి, సున్నంతో గీత గీస్తున్న పరుశురాంను గుర్తుపట్టాడు.

"ఏరా, ఇంకా రేసులు చూస్తున్నావా? నిన్న ఎవరు గెలిచారు?"

"పేరు యాదికి లేదు సార్. వీడియోల చూసిన. గీత దాటినంక ఆగిండు. తనను గుంజుకొచ్చినోడు వచ్చేదాక నిలబడి, వానితోని అలాయ్ బలాయ్ తీసుకున్నడు."

"నీకు అవే కనిపిస్తాయి" అని నవ్వి, శాంసన్ తడి సున్నాన్ని తొక్కుకుంటూ వేదిక వైపు వెళ్లిపోయాడు.

చెరిగిన చోట పరుశురాం మళ్లీ గీశాడు.