మూడు పడుల ధనియాలు

రంగనాయకమ్మ కొళంబుపొడికి, అంటే పులుసులో వేసే కారప్పొడికి, లెక్క ఒకటే. రెండు కిలోల మిరపకాయలకు మూడు పడుల ధనియాలు. మిరపకాయలు తూచాలి, ధనియాలు పడి గిన్నెతో కొలవాలి. ఆమె అత్త అలాగే చేసింది. వాళ్ళ ఊరు పాండూరులో చాలా ఇళ్ళలో అలాగే చేస్తారు. తిరుత్తణిలో కోడలి చెల్లెలు రంజనికి నిశ్చితార్థం కుదిరినప్పుడు, విందుకు పొడి తన ఇంటినుంచే వస్తుందని వియ్యపురాలు వళ్ళియమ్మకు మాటిచ్చింది.

విందుకు ముందు వారం ఆమె మోకాలు వాచి మంచం దిగలేకపోయింది. తిరువళ్లూరు అంగడికి ఫోను చేయమని కోడలు యశస్వినికి చెప్పింది. సరుకు నేరుగా మిల్లుకు పోతుంది. వాళ్ళే వేయించి, ఆడించి, డబ్బాలో పోసి పంపుతారు.

"కిలోల్లో చెప్పమంటా ఉండారు అత్తా. మూడు పడులంటే ఎంత?"

"ఇదీ తెలీదా? పడంటే కిలోన్నర. నాలుగున్నర కిలోలని చెప్పు."

పడి బియ్యం కిలోన్నర తూగుతుంది. చిన్నప్పటినుంచి ఆమె విన్న లెక్క అది. యశస్విని ఆ మాటే అంగడికి చెప్పింది.

విందులో మొదటి వరసకే సంగతి తెలిసిపోయింది. కొళంబు చిక్కబడింది. కారం లేదు, ధనియాల వాసన తప్ప మరొకటి లేదు.

"ఇది కొళంబా, కషాయమా?" అన్నాడు పెళ్ళికొడుకు మేనమామ.

"జలుబుంది అంటివి గదా మామా, ఇంకో రెండు గరిటెలు పోయించుకో!" అన్నాడు పక్కవాడు. వరసంతా నవ్వింది.

వళ్ళియమ్మ వచ్చి నిలబడింది. "ఏంది వదినా, పొడి ఇట్లుండాది?"

నాలుగున్నర అన్నది తనేనని రంగనాయకమ్మకు గుర్తుంది. ఆ లెక్క తప్పని మాత్రం అప్పటికి తెలియదు. తెలిసిందల్లా వరస తనవైపు చూస్తున్నదని.

"నేను మంచంలో ఉంటిని వదినా. సామాన్లు చెప్పింది మీ కూతురే. ఏం చెప్పిందో ఏమో."

వళ్ళియమ్మ కూతురివైపు తిరిగింది. "సొంత చెల్లెలి పనికి కూడా మనసు పెట్టవా? వీళ్ళ ముందర మా తల దించినావు కదే!"

యశస్విని అత్తవైపు చూసింది. నీళ్ళ జగ్గు తీసుకుని రెండో వరసకు వెళ్ళిపోయింది.

మర్నాడు రంగనాయకమ్మ ఇంట్లో ఉన్న ధనియాలు పడినిండా కొలిచి, సంచిలో పోసి, వీధి చివరి అంగడికి తీసుకెళ్ళింది. అంగడతను తణికైవేల్ సంచిని కాటామీద పెట్టాడు.

"అరకిలో. పైన యాభై గ్రాములు."

"సరిగ్గా చూడు అబ్బీ."

"ధనియాలు గుల్ల సరుకు కదక్కా. బియ్యమా ఏమన్నా, బరువుండేదానికి?"

మూడు పడులంటే కిలోన్నరకు కొంచెం ఎక్కువ. తను చెప్పింది నాలుగున్నర కిలోలు. ఇంటికి వచ్చి సంచి దింపకుండానే ఫోను చేసింది.

"వదినా, నిన్న తప్పు నాది. లెక్క చెప్పింది నేనే."

వళ్ళియమ్మ నవ్వింది. "కోడల్ని మీరు వెనకేసుకొస్తారని నాకు తెలీదా వదినా? రాత్రి ఫోన్లో దాన్ని బాగా అడిగినాను. తప్పయిందమ్మా, క్షమించు అనింది. ఇంక విడిచిపెట్టండి."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. యశస్విని వింటున్నది.

"అది తప్పు చెయ్యలేదు వదినా. నన్ను అడిగింది, నేను చెప్పినాను, అదే చెప్పింది. మీ అందరి ముందర నేను ఆడింది అబద్ధం."

"ఈ మాట నిన్న అనుండాల్సింది," అంది వళ్ళియమ్మ. గొంతులో నవ్వు పోయింది. "పెళ్ళికొడుకోళ్ళు నా పెద్దబిడ్డను ఏమనుకోని పోయినారో మీకు తెలీదు."

రంగనాయకమ్మ వంటింటివైపు చూసింది. కోడలు ఇటు తిరగలేదు.

"ముహూర్తం మాట్లాడేదానికి ఆదివారం వాళ్ళు మీ ఇంటికి వస్తారు కదా. నేనూ వస్తాను వదినా. వాళ్ళ ముందరే చెప్తాను."