అక్షరాలు లేని అట్టలు

మురుకుల పిండిలో వాము నలిపి వేస్తుండగా మా అబ్బాయి హరిప్రసాద్ వంటింటి గడపలో నిలబడి, "అమ్మా, నీ అట్టల కింద బాపు పేరు రాయించిన," అన్నాడు. బాపు అంటే వాడి తండ్రి, మా వారు. బయట ఎండ బాగా ఉందని చెప్పినంత తేలికగా చెప్పాడు.

నా చేయి ఆగలేదు. పిండి కలుపుతూనే ఉంది.

అట్టలు అన్నది మా ఇంట్లో వాళ్ళు పెట్టిన పేరు. చిత్రాలు అనడానికి ఎవరికీ నోరు రాలేదు. కాటేదాన్‌లో అబ్బాయికి సోఫాలు, మంచాలు చేసే కార్ఖానా ఉంది. అక్కడ మిగిలిన చెక్క పలకల మీద మైదా జిగురుతో పాత నూలుచీర ముక్కలు అతికిస్తాను. రంపపు పొట్టు, సున్నం కలిపి మెత్తుతాను. ఆరిన తరువాత ఎర్రమట్టి జాజు, పసుపు, మసి పొరలు పొరలుగా రుద్ది, మళ్ళీ గీకి, అంచు చుట్టూ రెండు గీతలు లోతుగా నొక్కుతాను. మూలలు అరిగినట్టుంటాయి. మధ్యలో ఏమీ ఉండదు. బొమ్మ లేదు, అక్షరం లేదు. గుడ్డ అట్ట కట్టిన పాతకాలపు పుస్తకం తలుపంత పెరిగి గోడకు ఆనుకున్నట్టు కనిపిస్తుంది. మొదటిది చూసి మా వారు, "ఏందే ఇది, గోడకు పిడకలు కొట్టినట్టున్నది! పిడకైతే పొయ్యిలకైన పనికొస్తుండె," అన్నారు. ఇంటిల్లిపాదీ నవ్వారు. నేను కూడా నవ్వాను. ఆ నవ్వు అలవాటే.

మా నాయన ఊరి భజన మందిరంలో పురాణం చెప్పేవారు. బడికి పంపకపోయినా ఒడిలో కూర్చోబెట్టుకుని పద్యాలు నోటికి నేర్పారు, ఆ తరువాత అక్షరాలు దిద్దించారు. పెళ్ళినాడు ఒక పెట్టెనిండా పుస్తకాలిచ్చి పంపారు. మా అత్తగారు వాటిని పూజగదిలో ఎత్తయిన అరమీద పెట్టించారు. "దేవుని పుస్తకాలు, శుక్రవారం శుక్రవారం తుడిచి బొట్టు పెట్టు. తెరుచుడు మాత్రం వద్దు. నువ్వు పారాయణంల కూసుంటే బర్రెల పాలెవరు పిండాలె?" అన్నారు. పండుగ రోజుల్లో మా వారు ఒక పుస్తకం దించి కూడబలుక్కుంటూ చదివేవారు. ఆయన తడబడిన చోట పద్యం వంటింటి తలుపు వెనక నా పెదవుల మీద సాగిపోయేది. ఆయనను సరిదిద్దే ధైర్యం లేదు. గారెలు వేగుతున్నాయి కూడా. అలా లోపలి పుటలు ఆయనవీ, పై అట్టలు నావీ అయ్యాయి. తడిగుడ్డ కింద ఆ నూలు గరుకుతనం, వేలు దిగేటంత లోతైన అంచుగీతలు, మూలల్లో పొరలు విచ్చుకున్న అట్ట, అరిగి జాడగా మిగిలిన బంగారు రంగు, ఇవన్నీ చూపుకన్నా వేళ్ళకే ఎక్కువ తెలుసు. అత్తగారు పోయారు. పొలం విమానాశ్రయానికి పోయింది, బర్రెలు పోయాయి. అందరూ తిని పడుకున్నాక మధ్యాహ్నం కాసేపు నాకు మిగిలింది. అప్పటికి మోకాళ్ళు అరిగిపోయాయి. చేతులు మాత్రం మిగిలాయి.

విమానాశ్రయం దగ్గర కొత్తగా కట్టిన హోటల్‌కు అబ్బాయి సోఫాలు చేసిచ్చాడు. కార్ఖానాలో ఆరబెట్టిన నా పలకలను ఆ హోటల్ యజమాని చూసి గోడలకు కావాలన్నాడట. ఆ మాట విన్న రోజు దేవుడి ముందు దీపం పెడుతూ, ఏమీ కోరుకోకుండా చాలాసేపు నిలబడ్డాను. ఇంతకాలానికి నా చేతి పని ఒకటి, తింటే అరిగిపోకుండా, ఉతికాక మళ్ళీ మాసిపోకుండా, ఒకచోట నిలుస్తుంది.

"బాపు పేరెందుకురా?" అని అడిగాను.

"బాపు ఉపసర్పంచ్ చేసిండు, నలుగురికి ఎరుక. నీ పేరు రాస్తే ఈ అనంతమ్మ ఎవరంటరు. పేరు చెక్కిన ఇత్తడి పట్టీలు గూడ వచ్చినయి, ఇగ మార్చుడు కాదు."

కోడలు శోభ పక్కనుంచి, "ఎవరి పేరైతేంది అత్తమ్మా, మన ఇంట్లదే గదా. జర నూనె చూడుండ్రి, పొగొస్తున్నది," అంది.

నూనె చూశాను. నాకు కోపం రాలేదు. కోపగించుకోవాలన్నా కొంత ఓపిక ఉండాలి. పూర్వకవులు ప్రతి ఆశ్వాసం చివరా గద్యలో తాము ఎవరి బిడ్డలో, ఎవరి కృపవల్ల రాశారో చెప్పి, వినయంగానే తమ పేరు చెప్పుకునేవారు. భక్తికి పేరు అడ్డమని వారిలో ఎవరూ అనుకోలేదు. నేను గుడికి వెళితే పూజారి మా వారి గోత్రం, మా వారి పేరు చదివి, "ధర్మపత్నీ సమేతస్య" అంటారు. చేతిలో కొబ్బరికాయ పట్టుకుని నిలబడిన మనిషిని నేను. సంకల్పంలో ఆ 'సమేత'ను మాత్రమే. ఇన్నేళ్ళుగా ఆ దేవుడు నన్ను ఎలా గుర్తుపడుతున్నాడో అనుకుంటూ మురుకులు తిప్పాను.

హోటల్ ప్రారంభం నాడు వ్రతం ముగిశాక అందరం పెద్ద హాల్లోకి వచ్చాం. గోడ పొడవునా నా పలకలు, ప్రతిదాని కిందా ఇత్తడి పట్టీ మీద మా వారి పేరు. యజమాని భార్య భాగ్యలక్ష్మి శాలువా పట్టుకుని వచ్చింది. మా వారు అప్పటికే కండువా సర్దుకుంటున్నారు.

మా వైపు ఒక ముచ్చట ఉంది. భార్య మామూలుగా భర్త పేరు పలకదు. కొత్తకోడలు అత్తిల్లు తొక్కే నాడు, కొత్త ఇంట్లో అడుగుపెట్టే నాడు మాత్రం ఆడవాళ్ళు దారికి అడ్డం నిలబడి, ఆ పేరు ఆమె నోట చెప్పించి గానీ వదలరు. పద్యంలో పొదిగి చెబితే మరీ ముచ్చట. ఊళ్ళో పెళ్ళికూతుళ్ళకు అటువంటి పద్యాలు కట్టిచ్చేదాన్ని నేనే.

భాగ్యలక్ష్మి మైకు నా చేతిలో పెట్టింది. "అక్కా, ఇవి ఏసినాయన పేరు నీ నోటనే చెప్పాలె. చెప్తేనే శాలువా కప్పుతం!"

"పద్యం కట్టి చెప్పు పెద్దమ్మా!" అని ఎవరో అరిచారు. ఆడవాళ్ళంతా నా చుట్టూ మూగారు.

"చెప్పవే, గీ వయసుల సిగ్గేంది?" అన్నారు మా వారు నవ్వుతూ. అబ్బాయి ఫోన్ ఎత్తి వీడియో తీస్తున్నాడు.

అలవాటు చొప్పున నాలుక మీద పద్యం సిద్ధమైపోయింది. యతిస్థానంలో ఆయన పేరు చక్కగా వచ్చి కూర్చుంది. ఆ ఒక్క మాట అనేస్తే చాలు, అందరూ చప్పట్లు కొడతారు, నేను ఇంటికి వెళ్ళి కాళ్ళు చాపుకుని పడుకోవచ్చు. కాళ్ళు వాచి ఉన్నాయి. పడుకోవాలనే ఉంది.

"ఇవి వేసినామె పేరు అనంతమ్మ," అన్నాను, పద్యం లేకుండా.

హాలంతా గొల్లున నవ్వింది. "అయ్యో అక్కా, నీ పేరు గాదు, ఆయన పేరు! సిగ్గుల ఏం చెప్తున్నవో నీకే తెలుస్తలేదు!" అని భాగ్యలక్ష్మి నా భుజం తట్టింది. మా వారు అందరికన్నా గట్టిగా నవ్వారు. అబ్బాయి మాత్రం ఫోన్ కిందికి దించాడు.

నవ్వు పూర్తిగా ఆగేదాకా నిలబడి, మైకు నోటికి మరింత దగ్గరగా పెట్టుకుని, నా పేరే మళ్ళీ చెప్పాను.